చికాగో ఎంత దూరం?

హైదరాబాదు నుంచి చికాగో ఎంత దూరమని ఎవరినైనా అడిగి చూడండి. ఒక్కొక్కరు ఒక్కొక్క జవాబు చెబుతారు. టిక్కెట్లు అమ్మే కుర్రవాడు రూపాయల్లో చెబుతాడు. వెళ్ళివచ్చిన పిల్లవాడు, "మూడు భోజనాలు, నాలుగు సినిమాలు" అంటాడు. కొడుకును అక్కడికి పంపిన తల్లి, "ఎంతో దూరం లేదండీ, పొద్దున్నే ఫోనులో కనిపిస్తాడుగా!" అని, ఆ మాట పూర్తికాకుండానే కళ్ళు తుడుచుకుంటుంది. కిలోమీటర్లలో చెప్పేవారు మాత్రం బహు అరుదు.

ఇందులో వింతేమీ లేదు. మన పెద్దలు కూడా దూరాన్ని కోసుల్లో కంటే మజిలీల్లోనే ఎక్కువగా కొలిచారు. కాశీ ఎన్ని కోసులో ఎవరికి కావాలి? ఎన్నిచోట్ల దిగాలి, ఎన్నాళ్ళు పడుతుంది, తిరిగి వస్తామా రామా? అదీ లెక్క. వివేకానందస్వామి 1893 మే 31న బొంబాయిలో ఓడ ఎక్కి, జపాను, కెనడాల మీదుగా చికాగో చేరేసరికి జూలై నెలాఖరు అయింది. రెండు నెలలు! ఆ ప్రయాణమే ఇప్పుడు ఒక పగలూ ఒక రాత్రీ కలిపినంత సేపట్లో ముగుస్తున్నది. ముగుస్తున్నదిగాని, ఆ ఒక పగలూ రాత్రీ అనేది ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చెప్పడం మాత్రం ఓడల కాలంలోకంటే కష్టమయింది.

పోయిన వేసవి సెలవుల్లో చికాగోలో వున్న మా చెల్లెలి యింటికి వెళ్ళవలసి వచ్చి, బయలుదేరేముందు ఈ లెక్క తేల్చుకుందామని కూర్చున్నాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకని మా స్టాఫు రూములో మిత్రులు నవ్వారు. నవ్వినవారిలో భూగోళం చెప్పే మిత్రుడే నాకు గ్లోబు కూడా యిచ్చాడు.

ముందు గోడమీది పటం చూశాను. పటం మీద స్కేలు పెట్టి హైదరాబాదునూ చికాగోనూ కలిపితే గీత అరేబియా ఎడారుల మీదుగా, ఆఫ్రికా ఉత్తరపు కొసమీదుగా, అట్లాంటిక్ సముద్రం దాటి చక్కగా పడమటికి పోతుంది. ఎవరికైనా అదే దగ్గరదారి అనిపిస్తుంది. ఆ గీతవెంట పోతే సుమారు 16,100 కిలోమీటర్లు.

అప్పుడు గ్లోబు తీసుకుని, హైదరాబాదు మీద ఒక దారపు కొస బొటనవేలితో నొక్కి, రెండో కొసను చికాగో దాకా లాగి బిగించాను. దారం పడమటికి పోనే పోలేదు! తిన్నగా ఉత్తరానికి తిరిగింది. పంజాబు, కాశ్మీరు దాటింది. పామీరు కొండలు, కజకిస్తాను మైదానాలు, రష్యాలో యూరల్ పర్వతాలు దాటింది. అక్కడనుంచి మంచుసముద్రంలో స్వాల్బార్డ్ దీవుల మీదుగా, ఉత్తరధ్రువానికి పదకొండు డిగ్రీల దగ్గరదాకా పోయి, గ్రీన్లాండు హిమం మీద వంగి, కెనడాలో హడ్సన్ అఖాతాన్ని తాకుతూ చికాగోకు దిగింది. నా గ్లోబు వ్యాసం ముప్పై సెంటీమీటర్లు. అంటే ఒక్కొక్క సెంటీమీటరూ దాదాపు 425 కిలోమీటర్లు. దారం కొలిస్తే ముప్పైయొకటి పైచిలుకు వచ్చింది. లెక్క గుండ్రంగా 13,300 కిలోమీటర్లు.

గోడపటం చెప్పినదానికంటే 2,800 కిలోమీటర్లు తక్కువ! పటం అబద్ధమాడిందా అంటే, పాపం, దాని తప్పేమీ లేదు. గుండ్రని భూమిని బల్లపరుపుగా పరచాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతిలో ఓడ నడిపేవాడికి దిక్కు తప్పదు గాని, ధ్రువాలకు దగ్గరపడేకొద్దీ దేశాలు ఉబ్బిపోతాయి. ఆ పటంలో గ్రీన్లాండు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికాలో పధ్నాలుగు గ్రీన్లాండులు పడతాయి. గోళం మీద రెండు ఊళ్ళ మధ్య అతి దగ్గర దారి, ఆ రెండింటినీ భూమధ్యాన్నీ కలిపి కోస్తే ఏర్పడే గీత. దాన్నే మహావృత్తం అంటారు. బిగించిన దారానికి ఈ శాస్త్రం ఎవరూ నేర్పనక్కరలేదు.

దారంతో తృప్తిపడనివారికి గణితం వుంది. శంషాబాదు విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల 14 నిమిషాలు, తూర్పు రేఖాంశం 78 డిగ్రీల 26 నిమిషాలు. చికాగోలోని ఓహేర్ విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 41 డిగ్రీల 59 నిమిషాలు, పశ్చిమ రేఖాంశం 87 డిగ్రీల 54 నిమిషాలు. రెండు అక్షాంశాల జ్యాలను హెచ్చవేసి ఒకచోట పెట్టుకోవాలి. వాటి కోటిజ్యాలను, రేఖాంశాల మధ్యవున్న కోణం కోటిజ్యానూ హెచ్చవేసి, ముందుదానికి కలపాలి. వచ్చినది ఏ కోణానికి కోటిజ్యా అవుతుందో చూసుకోవాలి. ఇక్కడ అది 119 డిగ్రీల 27 నిమిషాలు వస్తుంది. డిగ్రీకి అరవై నాటికల్ మైళ్ళు. ఒక్కొక్కటి 1,852 మీటర్లు. హెచ్చవేస్తే 7,167 నాటికల్ మైళ్ళు, అనగా 13,270 చిల్లర కిలోమీటర్లు. దారం చెప్పినదీ అదేగదా!

జ్యా అన్న మాట చూసి పాఠకులు బెదిరిపోవద్దు. అది మన మాటే. వింటినారికి సంస్కృతంలో జ్యా అని పేరు. 499లో ఆర్యభటుడు కోణాలకు జ్యాలు కట్టి పట్టిక యిచ్చాడు. ఆ మాట జీవా అయి, అరబ్బుల నోట జైబ్ అయి, లాటిన్లోకి సైనస్‌గా మారి, చివరకు మన పిల్లల పాఠ్యపుస్తకంలోకి సైన్ అనే దొరవేషంతో తిరిగివచ్చింది. అమెరికా వెళ్ళివచ్చిన మనవాడు పేరు కురచ చేసుకుని వచ్చినట్టే అనుకోండి.

సరే, దూరం తేలింది. పెద్ద విమానం పైకి లేచి సర్దుకున్నాక గంటకు దాదాపు 900 కిలోమీటర్లు పోతుంది. 13,300ను 900తో భాగిస్తే పధ్నాలుగు గంటలా ముప్పావు. ఎక్కడానికీ దిగడానికీ ఒక అరగంట కలుపుకుంటే పదిహేను గంటలు దాటుతుంది. చాలామంది లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

మొదటి చిక్కు, ఆ దారం వెంట పోయే విమానం వుండాలి. 2021 జనవరిలో ఎయిరిండియావారు హైదరాబాదు నుంచి చికాగోకు మధ్యలో ఎక్కడా ఆగని విమానం వేశారు. తరువాత అది ఆగిపోయింది. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వాన అందరూ మహిళలే అయిన పైలట్లు, ఉత్తరధ్రువం మీదుగా దాదాపు 14,000 కిలోమీటర్ల దారిలో సుమారు పదిహేడు గంటలు విమానం నడిపారు. గ్లోబు మీది దారాన్ని నిజం చేసి చూపారన్నమాట.

రెండో చిక్కు, ఆకాశానికి కూడా సరిహద్దులూ తలుపులూ వున్నాయి. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తన ఆకాశాన్ని ఐరోపా, అమెరికా కంపెనీల విమానాలకు మూసివేసింది. మన విమానాలకు తెరిచే వుంచింది. 2025 ఏప్రిల్లో పాకిస్తాన్ మన విమానాలకు తలుపు వేసింది. దానితో ఢిల్లీనుంచి అమెరికా పోయే విమానాలు కొన్ని చుట్టు తిరిగి, వియన్నాలో దిగి చమురు పోసుకుని వెళ్ళవలసి వచ్చింది. గ్లోబులు చేసేవారు ఈ తలుపులు గీయరు.

ఇక మనబోటివాళ్ళు సాధారణంగా పోయేది మధ్యలో ఒకచోట విమానం మారి. నేను దోహా మీదుగా వెళ్ళాను. హైదరాబాదు నుంచి దోహా సుమారు 2,910 కిలోమీటర్లు, దోహానుంచి చికాగో సుమారు 11,450. కూడితే 14,360. దారం కంటే వెయ్యి కిలోమీటర్లు మాత్రమే ఎక్కువ. చుట్టుదారి అయినా మరీ చుట్టు కాదు.

మూడో చిక్కు గాలి. భూమికి పది కిలోమీటర్ల ఎత్తున పడమటినుంచి తూర్పుకు గాలి ఏరులా పారుతుంటుంది. జెట్ స్ట్రీం అంటారు. చలికాలంలో దాని ఉధృతం మరీ ఎక్కువ. గోదావరిలో ఎదురీదే పడవకూ, వాలున పోయే పడవకూ ఎంత తేడానో, ఈ ఏటిలో పోయే విమానాలకూ అంత తేడా. దోహానుంచి చికాగో పోవడానికి నాకు పధ్నాలుగున్నర గంటలు పట్టింది. తిరిగి రావడానికి పదమూడే పట్టింది. దూరం అదే, దారి దాదాపు అదే. గంటన్నర గాలి తినేసింది.

నాలుగో చిక్కు అన్నిటికంటే తమాషా అయినది: గడియారం. భూమి డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. మన పంచాంగం లెక్కలో పది విఘడియలు. ఆరు డిగ్రీలకు ఒక ఘడియ. దేశాంతర సంస్కారమని సిద్ధాంతులు చెప్పేది దీన్నే. మన దేశపు కాలానికి ఆధారమైన ఎనభైరెండున్నర డిగ్రీల రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. దాన్ని పదిహేనుతో భాగిస్తే అయిదున్నర. గ్రీనిచ్ కంటే మనం అయిదున్నర గంటలు ముందు. చికాగో చలికాలంలో గ్రీనిచ్‌కు ఆరు గంటలు వెనుక, వేసవిలో అయిదు. మార్చి రెండో ఆదివారంనుంచి నవంబరు మొదటి ఆదివారందాకా వాళ్ళు గడియారాన్ని గంట ముందుకు జరుపుకుంటారు. కాబట్టి మనకూ వారికీ తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర.

నా టిక్కెట్టు మీద ఇలా వుంది: హైదరాబాదులో తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాలి, చికాగోలో అదే తేదీన మధ్యాహ్నం రెండున్నరకు దిగాలి. చూడగానే మా ఆవిడ, "పదిన్నర గంటలేగా! విశాఖపట్నం రైలంత!" అంది. నిజానికి ఇరవైయొక్క గంటలు. సగం ప్రయాణాన్ని గడియారం దాచిపెట్టింది. దోహాలో ఉదయం ఎనిమిదింటికి ఎక్కిన విమానం సూర్యుడి వెంటే పడమటికి పరుగెత్తుతుంటే, పొద్దు కదలనే కదలదు. ఐస్‌లాండు దగ్గరా అదే ఎండ, గ్రీన్లాండు దక్షిణపు కొస దగ్గరా అదే ఎండ. కిటికీలోంచి చూస్తే మంచుమీద ఆ ఎండ కళ్ళు చెదరగొట్టింది. దోహా చేరకముందు తెల్లవారిన పగలు, మా చెల్లెలి యింటి పెరట్లో కూర్చుని కాఫీ తాగాక, రాత్రి ఎనిమిది దాటిన తరువాత చీకటిపడింది. ఇరవైమూడు గంటల పగలు! సంధ్య వార్చేవారు ఏ వేళకు ఏ సంధ్య వార్చాలో నాకైతే తోచలేదు.

తిథుల సంగతి మాత్రం అక్కడివారు చక్కగా సర్దుకున్నారు. చికాగో దగ్గర లెమాంట్‌లో రామాలయం, అరోరాలో బాలాజీ ఆలయం వున్నాయి. తిథి అనేది సూర్యచంద్రుల మధ్య దూరం. అది ప్రపంచమంతటికీ ఒకే క్షణాన మారుతుంది. మనకు సోమవారం తెల్లవారుజామున వచ్చిన ఏకాదశి, వాళ్ళకు ఆదివారం సాయంకాలమే వస్తుంది. అంచేత అక్కడి ఊరికి అక్కడి పంచాంగమే కావాలి. మన క్యాలెండరు అక్కడి గోడకు తగిలిస్తే, పండుగ ఒకరోజు అటూ యిటూ అయ్యే ప్రమాదం వుంది.

తిరుగు ప్రయాణంలో గడియారం దాచినదంతా వడ్డీతో వసూలు చేస్తుంది. చికాగోలో శనివారం రాత్రి ఏడున్నరకు ఎక్కితే హైదరాబాదులో సోమవారం తెల్లవారుజామున రెండింటికి దిగుతాం. కాగితంమీద ముప్పైగంటలన్నర. నిజానికి ఇరవై గంటలే. ఆదివారమంతా ఏమయిందో ఎవరికీ తెలియదు.

ఇదంతా కాలక్షేపపు లెక్క అనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి.

నేను తిరిగివచ్చాక, శ్రావణమాసంలో, మా తెనాలిలో మా వీధి చివర వుండే లెక్కల మాస్టారు పోయారు. రిటైరై యిరవైయేళ్ళయింది. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు ప్రాణం పోయింది. ఒక్కడే కొడుకు, చికాగోలో వున్నాడు. వెంటనే ఫోను చేశారు. అక్కడ శనివారం సాయంత్రం ఆరు గంటలు.

మేం వెళ్ళేసరికి అరుగుమీద పెద్దలు చేరి లెక్కలు వేస్తున్నారు. "విమానం పదిహేను గంటలు. రాత్రికల్లా వచ్చేస్తాడు" అన్నాడొకాయన. ఇంకొకాయన, "అసలు అక్కడ ఇంకా శనివారమే గదయ్యా! వాడికి ఒకరోజు కలిసొస్తుంది" అన్నాడు. అందరూ తల ఊపారు. పురోహితుడుగారు సోమవారం పొద్దున్నే కార్యక్రమమన్నారు. కట్టెలకు మనిషిని పంపబోతున్నారు.

మాస్టారి భార్యను మేమంతా పిన్నిగారంటాం. ఆవిడ లోపలినుంచి నన్ను పిలిపించింది. "నువ్వు వెళ్ళొచ్చావుగా నాయనా. వాడు ఎప్పటికి వస్తాడో కాగితం మీద రాసి చెప్పు" అంది.

రాశాను. ఆ రాత్రి ఏడున్నర విమానం అందదు. ఆరింటికి కబురు విన్నవాడు అందుకోలేడు. మరునాడు, అంటే అక్కడి ఆదివారం, అదే వేళకు ఎక్కాలి. ఇరవై గంటలు. హైదరాబాదులో దిగేసరికి మంగళవారం తెల్లవారుజాము రెండు. బయటపడడానికి గంట. కారులో తెనాలికి అయిదున్నర గంటలు. ఎంత తొందరపడినా మంగళవారం ఉదయం ఎనిమిదిన్నర. అంటే ప్రాణం పోయిన వేళనుంచి యాభైరెండు గంటలు. విమానం ఆకాశంలో వుండేది అందులో పదిహేడే.

ఆవిడ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆయన పక్కన కూర్చుని అలా ఎన్ని లెక్కలు చూసిందో! "ఆ విమానం తప్పకుండా వస్తుందా?" అంది. "దారిలో ఏ తలుపూ మూయకపోతే వస్తుంది పిన్నిగారూ" అన్నాను. "అయితే మంగళవారందాకా వుంచండి. సోమవారమని వాడికి చెప్పి, వాణ్ణి ఆకాశంలో ఏడిపించవద్దు" అంది.

మంచుపెట్టె తెప్పించారు. పురోహితుడుగారు పంచాంగం చూసి మంగళవారం పదకొండింటికి మార్చారు. కొడుకు వచ్చేసరికి తొమ్మిదింపావు అయింది. విజయవాడ దగ్గర కారు ఆగిపోయిందట. సోమవారమని పట్టుపట్టి వుంటే, అతను దిగేసరికి చితి చల్లారి ఒకరోజయ్యేది. అరుగుమీది పెద్దల్లో చెడ్డవాళ్ళెవరూ లేరు. వాళ్ళు మూడు లెక్కల్ని కలిపి ఒకే లెక్కగా వేశారు, అంతే.

చెప్పవచ్చిందేమిటంటే, దూరం ఒక లెక్క; అది భూమి ఆకారాన్నిబట్టి వస్తుంది. ప్రయాణకాలం రెండో లెక్క. అది గాలినీ, దారినీ, మారే చోటునీబట్టి వస్తుంది. మనిషి యింటికి చేరే వేళ మూడో లెక్క. అందులో టిక్కెట్టు దొరికే సమయం, విమానాశ్రయానికి మూడు గంటలు ముందు చేరడం, చివర కారు ప్రయాణం అన్నీ కలుస్తాయి. రెండు ఊళ్ళ గడియారాల మధ్య తేడా ఈ మూడింటిలో దేనికీ చెందదు. దానివల్ల ఒక్క నిమిషం కలిసిరాదు, ఒక్క నిమిషం పోదు. వేళలన్నీ ముందు మన గడియారంలోకి మార్చుకుని, ఆ తరువాతే కూడికలు చేయాలి.

పిల్లలు దూరదేశాల్లో వున్న యింట్లో, క్యాలెండరు పక్కన ఒక కాగితం అంటించుకోవడం మంచిది. వాళ్ళ ఊరికీ మనకూ వేసవిలో తేడా ఎంత, చలికాలంలో ఎంత. అక్కడనుంచి విమానాలు ఏ వేళకు బయలుదేరతాయి. బయలుదేరిన ఎన్ని గంటలకు మన గుమ్మంలోకి వస్తారు. నాలుగు పంక్తులు చాలు. విమానాల వేళలు మారుతుంటాయి గనుక, సంక్రాంతికి ఒకసారీ, శ్రావణానికి ఒకసారీ పిల్లల్నే అడిగి దిద్దుకోవాలి. ఆ వంకన ఇంకో రెండు మాటలు మాట్లాడినట్టూ వుంటుంది.

దారం కొలిచిన 13,300 కిలోమీటర్లు మాత్రం దిద్దుకోనక్కరలేదు. అవి ఎప్పటికీ అంతే.